గురువారం రాత్రి పదకొండింటి లైను

బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డును పాతవాళ్లు ఇప్పటికీ కంప్యూటర్ స్ట్రీట్ అనే అంటారు. ఆ రోడ్డు వెనక సందులో మా ట్రేడింగ్ కంపెనీ ఆఫీసు. హోటళ్లకీ కిరాణా కొట్లకీ సరుకు వేస్తాం. కంపెనీకి ఉన్నది ఒకే ఒక్క లినక్స్ సర్వరు, డెబియన్ మీద నడుస్తుంది. బిల్లులు, స్టాకు లెక్కలు, జీతాల ఫైలు అన్నీ అందులోనే. దాన్ని మొదటినుంచీ కనిపెట్టుకుని ఉన్నది అమలాపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన మేనకోడలు హైదరాబాదులో చదివి, ఇక్కడే ఇంకో సంస్థలో సర్వర్లు చూసే ఉద్యోగం చేస్తోంది. పాత మెషీను తీసేసి కొత్తది పెడుతున్నాం కదా అని సాయానికి వచ్చింది. సర్వరు మన నిద్రవేళలో తనంతట తాను చేసుకునే పనులు ఉంటాయి: బ్యాకప్, లాగ్ ఫైళ్లు చుట్టిపెట్టడం, సర్టిఫికెట్ల రెన్యువల్, డిస్కుల తనిఖీ. వాటిని కొత్త మెషీన్లోనూ పాత క్రాన్‌లోనే ఉంచాలా, సిస్టమ్‌డీ టైమర్లలోకి మార్చాలా అన్నదగ్గర ఇద్దరికీ పడలేదు. నేను అకౌంట్స్ మనిషిని. ఆ పనుల్లో ఏది తప్పినా మొదట తిట్లు తినేది నేనే కాబట్టి కుర్చీ లాక్కుని విన్నాను.

మామయ్య: ముందు ఇది చూడు. క్రాన్‌టాబ్ అంతా కలిపి ఒక్క తెర. పైనుంచి కిందికి చదివితే ఈ సర్వరు వారం పొడుగునా ఏ రాత్రి ఏం చేస్తుందో తెలిసిపోతుంది. పనికో లైను. నిమిషం, గంట, తేదీ, నెల, వారం, ఐదు గడులు. ఆ పక్కన చెయ్యాల్సిన కమాండు. బెల్ ల్యాబ్స్ వాళ్లు 1979లో వెర్షన్ 7 యూనిక్స్‌తో ఇచ్చిందీ ఇలాంటి ఐదు గడులే. పాల్ విక్సీ 1987లో రాసిన క్రాన్‌కే మెరుగులు పెట్టుకుంటూ డెబియన్ ఇవాళ్టికీ వాడుతోంది. నువ్వు చెప్పే టైమరుకి ఒక్క పనికి రెండు ఫైళ్లు కావాలి. ఎప్పుడు చెయ్యాలో ఒకదాంట్లో, ఏం చెయ్యాలో ఇంకోదాంట్లో. పదిహేను పనులకి ముప్ఫై ఫైళ్లు. ఎందుకమ్మా ఈ సంత?

మేనకోడలు: రెండుగా ఉండటమే దాని మేలు మామయ్యా. ఏం చెయ్యాలన్నది విడిగా ఉంది గనక, పట్టపగలు ఒకసారి చేత్తో నడిపించి చూసుకోవచ్చు. రాత్రి ఏ యూజరు పేరుమీద, ఏ పాత్‌తో, ఏ అనుమతులతో నడుస్తుందో పగలూ సరిగ్గా అలాగే నడుస్తుంది. క్రాన్‌తో ఆ భరోసా లేదు. మీరు టెర్మినల్లో కొడితే చక్కగా నడిచిన కమాండు క్రాన్‌లో పెట్టేసరికి దొరకలేదంటుంది.

మామయ్య: దానికి పాత్ పూర్తిగా రాసుకోవాలి. ఆ సంగతి ఒక్క రాత్రిలో వంటబడుతుంది.

మేనకోడలు: పర్సంటు గుర్తో? బ్యాకప్ ఫైలు పేరులో తేదీ రావాలని పర్సంటు రాస్తే క్రాన్ అక్కడితో కమాండు అయిపోయిందనుకుంటుంది, మిగతాది తెగిపోతుంది. రోజువారీ పనుల ఫోల్డర్లో ‘బ్యాకప్ డాట్ ఎస్‌హెచ్’ అని స్క్రిప్టు పెట్టండి, డెబియన్లో అది ఏనాటికీ నడవదు. పేరులో డాట్ ఉంటే రన్‌పార్ట్స్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. కనీసం ఎర్రర్ కూడా రాదు. ఇవన్నీ ఎన్ని రాత్రుల్లో వంటబడతాయి?

మామయ్య: నీ టైమర్లలో ఇలాంటివి లేవా? యూజరు పేరుమీద పెట్టిన టైమరు, ఆ యూజరు లాగౌట్ అయితే ఆగిపోతుంది. లింగర్ అని ఇంకోటి ఆన్ చెయ్యాలి. నిమిషం తేడా రావచ్చని దానికదే సడలింపు ఇచ్చుకుంటుంది. ప్రతి పనిముట్టుకీ దాని తిరకాసులు ఉంటాయి. నావి నాకు కంఠతా వచ్చు.

(ఇలా ఒకరి మీద ఒకరు విసురుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి, వదిలేస్తున్నాను. కంఠతా వచ్చు అన్నమాట మాత్రం నాకు కాస్త గుబులు పుట్టించింది. ఆయన వచ్చే ఏడాది ఊరెళ్లిపోతానంటున్నారు.)

మేనకోడలు: సరే, ఈ లైను చెప్పండి. 0 23 * * 4. గురువారం రాత్రి పదకొండింటికి పూర్తి బ్యాకప్. గురువారమే ఎందుకు?

మామయ్య: ఎందుకేవిటి, శుక్ర శనివారాలు సెలవు గనక. గురువారం రాత్రి మొదలెడితే శుక్రవారం మధ్యాహ్నానికి నింపాదిగా అయిపోతుంది.

మేనకోడలు: ఆ సెలవు 2021తో పోయింది కదా. 2022 జనవరి నుంచి శని ఆదివారాలు. శుక్రవారం పూట పని. ఈ లైను ఇంకా పాత వారంలోనే ఉండిపోయింది. శుక్రవారం పొద్దున్న అందరూ వచ్చి కూర్చునేసరికి మీ బ్యాకప్ డిస్కుని పట్టుకుని కూర్చుంటోంది.

ఇక్కడ నేను ఆగలేకపోయాను. శుక్రవారం పొద్దున్న బిల్లింగు నత్తలా పాకుతుందని మా విభాగం మొత్తుకుంటూనే ఉంది. జుమ్మా లోపు సరుకు పంపెయ్యాలని అందరూ ఒక్కసారే మీద పడతారు, దానివల్లే అని ఇన్నాళ్లూ జవాబు. పెద్దాయన నావైపు చూడకుండా లైను వైపే చూశారు.

మామయ్య: ఒప్పుకుంటాను. కానీ ఇది క్రాన్ తప్పంటే మాత్రం ఒప్పుకోను. ఈ దేశంలో వారమే మారుతూ వచ్చింది. నేనొచ్చిన కొత్తలో సర్కారీ ఆఫీసులకి గురు శుక్రవారాలు సెలవు. 2006 సెప్టెంబరు నుంచి శుక్ర శని అయింది. 2022 నుంచి శని ఆది. పక్కనున్న షార్జాలో సర్కారు వాళ్లకి శుక్ర శని ఆదివారాలు మూడూ సెలవే. జుమ్మా నమాజు వేళ కూడా ఒకచోట ఉందా, 2022లో 1:15కి పెట్టారు, 2026 జనవరి నుంచి 12:45 చేశారు. నీ టైమర్లో గురువారం అని రాసినా గురువారమే నడుస్తుంది. క్యాబినెట్ నిర్ణయాలు సిస్టమ్‌డీకి ఫోన్ చేసి చెబుతారా?

మేనకోడలు: చెప్పరు. కానీ సర్వీసు ఫైల్లో డిస్క్రిప్షన్ అని ఒక గడి ఉంది. ‘వారాంతపు సెలవు మొదలయ్యే రాత్రి’ అని అందులో రాసి ఉంటే, 2022లో ఎవరైనా జాబితా తెరిచినప్పుడు కంటికి తగిలేది. ఒట్టి 4 అంకె చూసి ఎవరికేం తెలుస్తుంది?

మామయ్య: క్రాన్‌లోనూ హ్యాష్ పెట్టి పైన కామెంటు రాసుకోవచ్చు.

మేనకోడలు: రాసుకోవచ్చు. రాశారా?

మామయ్య: నువ్వు మీ అమ్మలాగే మాట్లాడతావు. సరే విను, వారం సంగతిలో పప్పులో కాలేసింది నేనొక్కణ్ణే కాదు. డెబియన్ వాళ్ల సాఫ్ట్‌వేర్ రెయిడ్ ప్యాకేజీతో ఒక క్రాన్ లైను వచ్చేది. 57 0 * * 0. నెలలో మొదటి ఆదివారం, అర్ధరాత్రి దాటాక 12:57కి డిస్కులన్నిటినీ అచ్చంగా మొదటినుంచి చివరిదాకా చదివి సరిచూస్తుంది. మంచి పనే. రాసినవాడికి ఆదివారం అంటే సెలవు. మనకి 2006 నుంచి 2021 దాకా ఆదివారం వారంలో మొదటి పనిరోజు! పెద్ద డిస్కులైతే ఆ తనిఖీ గంటల తరబడి సాగుతుంది. నెలకో ఆదివారం పొద్దున్న సర్వరు ఎందుకు మూలుగుతోందో పట్టుకోడానికి చాలా తిప్పలు పడ్డాను. చివరికి ఆ 0 తీసి 5 చేశాను. శుక్రవారం.

మేనకోడలు: అంటే ఇప్పుడది శుక్రవారం పొద్దున్న మీ బ్యాకప్‌తో పాటే నడుస్తోందన్నమాట.

మామయ్య: ...అవును.

(ఈ డిస్కుల తనిఖీ కథ ఆ పూట విన్నవాటన్నిటిలో నాకు బాగా పనికొచ్చింది. ఏ ఐరోపా మూలనో కూర్చున్నవాడు ఆదివారం ఖాళీ అనుకోవడమూ, దాన్ని ఇక్కడివాళ్లు శుక్రవారానికి జరుపుకోవడమూ, తర్వాత ఆ శుక్రవారమే పనిరోజైపోవడమూ! ఎవరూ తప్పు చెయ్యలేదు. అంకె మాత్రం రెండుసార్లు తప్పైంది.)

మేనకోడలు: ఆ లైను ఇంకోసారి చూడండి మామయ్యా, మీ ఐదు గడులకి ఎంత శక్తి ఉందో అదే చెబుతుంది. ‘మొదటి ఆదివారం’ అని క్రాన్‌లో చెప్పడానికి లేదు. తేదీ గడిలో 1-7, వారం గడిలో 0 పెడితే ‘ఒకటి నుంచి ఏడు మధ్య వచ్చే ఆదివారం’ అనుకుంటాం. క్రాన్ ఆ రెండు గడుల మధ్య ‘లేదా’ పెట్టుకుంటుంది. మొదటి ఏడు రోజులూ నడుస్తుంది, పైగా ప్రతి ఆదివారమూ నడుస్తుంది. అందుకే డెబియన్ వాళ్లు ప్రతి ఆదివారం లేపి, తేదీ ఏడు దాటిందా అని కమాండులోనే అడిగి, దాటితే పడుకోమనేవారు. అందులోనూ పర్సంటు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాల్సి వచ్చింది. టైమర్లో అయితే వారం పేరు, తేదీల గడిలో 1..7 రాస్తే చాలు, రెండూ కుదిరినప్పుడే నడుస్తుంది. ఆ రెయిడ్ వాళ్లే ఇప్పుడు టైమర్లకి మారారు. ఒక్కసారిగా కాకుండా రోజుకి ఆరు గంటలు చొప్పున తనిఖీ చేసి, మిగిలింది మర్నాడు కొనసాగించే ఏర్పాటు కూడా పెట్టారు.

మామయ్య: ఆరు గంటల సంగతి బాగుంది. అది మాత్రం కొత్త మెషీన్లో అలాగే ఉంచు.

నేను నా గొడవ ఎత్తాను. మాకు నెలాఖరు ముఖ్యం. 2009 నుంచి ఈ దేశంలో జీతాలు వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ ద్వారానే వెయ్యాలి, బ్యాంకుకి ఫైలు వెళ్లాలి. నెల ఆఖరి రాత్రి హాజరు లెక్కలు మూసి, ఆ ఫైలు తయారు చేసే స్క్రిప్టు నడవాలి. నెల ఆఖరి తేదీ ఒకసారి 28, ఒకసారి 30, ఒకసారి 31. అది ఎలా చెబుతున్నారు?

మామయ్య: 28 నుంచి 31 దాకా రోజూ లేపుతాను. రేపటి తేదీ ఒకటేనా అని అడిగి, అయితేనే నడుపుతాను.

మేనకోడలు: టైమర్లో తేదీ ముందు హైఫన్ బదులు అల గీత పెట్టి 01 రాస్తే నెల చివరినుంచి లెక్క. ఫిబ్రవరైనా లీపు సంవత్సరమైనా అదే చూసుకుంటుంది. రాసింది సరిగ్గా ఉందో లేదో సిస్టమ్‌డీ-అనలైజ్‌ని అడిగితే రాబోయే తేదీలు వరసగా చూపిస్తుంది. నెలాఖరు దాకా ఊపిరి బిగబట్టి కూర్చోనక్కర్లేదు. ఇంకోటి, కొత్త ఏర్పాటులో బ్యాకప్ కాపీ క్లౌడ్ మెషీన్లోకి కూడా వెళ్తుంది. అది యూటీసీలో ఉంటుంది. మనం నాలుగు గంటలు ముందు. ఇక్కడ ఒకటో తేదీ తెల్లవారుజాము రెండంటే అక్కడ ఇంకా కిందటి నెల ఆఖరి రోజు రాత్రి పదే. శుక్రవారం అనుకున్నది గురువారం అవుతుంది. టైమర్లో వేళ పక్కనే ‘ఏషియా/దుబాయ్’ అని రాయొచ్చు.

మామయ్య: క్లౌడ్ మెషీన్ని కూడా దుబాయ్ టైములో పెట్టు, పీడా పోతుంది. యూటీసీ ఎందుకు పెట్టమంటారు? ఏడాదికి రెండుసార్లు గడియారం ముందుకీ వెనక్కీ తిప్పే దేశాల్లో, తెల్లవారుజాము పని ఒకటి మాయమవుతుంది లేదా రెండుసార్లు నడుస్తుంది కాబట్టి. ఇక్కడా ఆ బెడద లేదు, హైదరాబాదులోనూ లేదు. లేని రోగానికి మందెందుకు?

మేనకోడలు: మీ ఒక్క సర్వరుకైతే సరే. మా ఆఫీసులో లాగులు పన్నెండు దేశాలవి కలుస్తాయి.

మామయ్య: ఇక్కడున్నది ఒక్క సర్వరే.

(నా ఓటు పెద్దాయనకి. మనకి లేని సమస్యని పెద్ద కంపెనీల నుంచి అరువు తెచ్చుకోవడం ఈ వృత్తిలో ఒక ఫ్యాషన్ అయిపోయిందని, కంప్యూటర్లు తెలియని నాకే అనిపిస్తుంది.)

మేనకోడలు: పోనీ, 2024 ఏప్రిల్ 16 గుర్తుందా?

ఎవరికి గుర్తుండదు. ఈ దేశంలో 1949లో వాన లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వాన ఎప్పుడూ నమోదు కాలేదు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు తిరక్కుండానే 254.8 మిల్లీమీటర్లు. రోడ్లమీద కార్లు తేలాయి, విమానాలు దారి మళ్లాయి. మా బిల్డింగులో కరెంటు పోయింది, యూపీఎస్ ఉన్నంతసేపు ఉండి సర్వరు కూడా పడుకుంది.

మేనకోడలు: రెండు రాత్రులు సర్వరు లేదు. ఆ రెండు రాత్రుల్లో నడవాల్సిన పనుల సంగతి లేచాక క్రాన్‌కి గుర్తుందా? లేదు. దానికి నిన్న అనేది లేదు, ఈ నిమిషం ఒక్కటే తెలుసు. టైమర్లో పర్సిస్టెంట్ అని ఒక్క మాట పెడితే, ఆఖరిసారి ఎప్పుడు నడిచిందో డిస్కు మీద రాసుకుంటుంది. లేవగానే తప్పిపోయినదాన్ని నడుపుతుంది. ఎన్నిసార్లు తప్పినా ఒక్కసారే.

మామయ్య: అనాక్రాన్ ఎప్పటినుంచో చేస్తున్న పనే అది. రోజువారీ పనులకి నాకు అదుంది. కానీ అసలు ప్రశ్న వేరమ్మా. తప్పిపోయిన ప్రతి పనీ ఆలస్యంగానైనా చెయ్యాలా? మన దగ్గర బాకీదారులకి రిమైండర్ ఎస్ఎంఎస్‌లు పంపే పని ఒకటుంది, పొద్దున్న పదింటికి. సర్వరు రాత్రి ఒంటిగంటకి లేచి, అయ్యో తప్పిపోయిందే అని అప్పుడు పంపితే? మోకాలి లోతు నీళ్లలో కొట్లో సరుకు తడిసిపోయి కూర్చున్నవాడికి అర్ధరాత్రి బాకీ కట్టమని ఎస్ఎంఎస్!

మేనకోడలు: దానికి పర్సిస్టెంట్ పెట్టం.

మామయ్య: పెట్టకూడదని ఎవరు నిర్ణయిస్తారు? పని పనికీ విడిగా కూర్చుని ఆలోచించాలి. బ్యాకప్ ఆలస్యమైనా చెయ్యాలి, కానీ పనివేళల్లో కాదు. సర్టిఫికెట్ ఎప్పుడైనా చెయ్యొచ్చు. ఎస్ఎంఎస్ తప్పితే తప్పిందే. ఇంకోటి, ఆపేసిన సర్వరు లేవగానే ఈ పర్సిస్టెంట్లన్నీ ఒక్కసారి మీద పడితే, లేచిన మెషీను మళ్లీ పడుకుంటుంది.

మేనకోడలు: దానికి రాండమైజ్డ్ డిలే ఉంది. ఒక్కోదాన్నీ కాస్త కాస్త ఆలస్యంగా లేపుతుంది. ఆలోచించాలన్నది మాత్రం నిజం. కానీ క్రాన్‌లో ఆలోచించినా రాసుకునే చోటు లేదు కదా మామయ్యా. ఆలస్యమైతే నడవాలా వద్దా అన్న ప్రశ్న ఆ ఐదు గడుల్లో లేనే లేదు.

ఈ మాటకి ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కింద కొట్టునుంచి వచ్చిన కరక్ చాయ్ ముగ్గురికీ సర్దారు.

మేనకోడలు: ప్రతి ఐదు నిమిషాలకీ స్టాకు లెక్కలు కలిపే పని ఉంది కదా. రద్దీ రోజున దానికి ఏడు నిమిషాలు పడుతుంది. మొదటిది ముగియకుండానే క్రాన్ రెండోదాన్ని లేపుతుంది, ఆపైన మూడోది.

మామయ్య: ఎఫ్‌లాక్ పెట్టాను. తాళం ఉంటే రెండోది వెనక్కి పోతుంది.

మేనకోడలు: పెట్టారు, చూశాను. టైమర్లో పెట్టాల్సిన పనే లేదు. సర్వీసు నడుస్తుండగా దాన్నే మళ్లీ మొదలుపెట్టదు. ‘పూర్తయిన ఐదు నిమిషాలకి’ అని కూడా చెప్పొచ్చు.

మామయ్య: ఇదొక్కటీ నీకిచ్చేస్తాను. స్టాకు పని టైమర్లోకి మార్చు. కానీ నేను అడిగేది చెప్పు. క్రాన్‌లో పని చెడితే నాకు ఈమెయిల్ వస్తుంది. ఏదైనా నోరు విప్పితే చాలు, ఆ ముక్కలన్నీ మెయిల్లో పెట్టి పంపడం క్రాన్‌కి పుట్టుకతో వచ్చిన గుణం. నీ టైమరు చెడితే? జర్నల్లో రాసుకుని ఊరుకుంటుంది. వెళ్లి అడిగితేనే చెబుతుంది. ఆన్‌ఫెయిల్యూర్ అని నువ్వు విడిగా రాసి ఇంకో సర్వీసు తగిలిస్తే తప్ప నోరెత్తదు.

మేనకోడలు: మెయిలా? గిట్‌ల్యాబ్ సంగతి వినలేదా? 2017 జనవరి 31న వాళ్ల ప్రొడక్షన్ డేటాబేసు పొరపాటున చెరిగిపోయింది. బ్యాకప్ కోసం చూస్తే లేదు. వెర్షన్ తేడావల్ల పోస్ట్‌గ్రెస్ డంపు చాలాకాలంగా రాత్రికి రాత్రి విఫలమవుతోంది. ప్రతిసారీ క్రాన్ పాపం మెయిల్ పంపుతూనే ఉంది. ఆ మెయిళ్లని డీమార్క్ తనిఖీలో అవతలి సర్వరు తిప్పికొట్టేసింది. ఎవరికీ ఒక్కటీ అందలేదు. అదృష్టం బాగుండి ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన కాపీ ఒకటి దొరికింది, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. మీ మెయిల్ ఎక్కడికి పోతోంది మామయ్యా?

మామయ్య: రూట్ మెయిల్‌బాక్సుకి.

మేనకోడలు: చదువుతారా?

మామయ్య: చదవను. (నవ్వారు.) అందులో వచ్చేవాటిలో నూటికి తొంభై తొమ్మిది ‘అంతా బాగానే ఉంది’ అని చెప్పే మెయిళ్లే. కానీ నేను మెయిల్ని నమ్ముకుని లేను. అది నీకు చూపించలేదు గదా. రోజువారీ బ్యాకప్ ఆఖరున ఫైలు సైజు చూసి, నిన్నటిదానిలో సగానికన్నా తక్కువుంటే పని చెడ్డట్టే లెక్కేస్తాను. బాగుంటే గోదాములో ఉన్న చిన్న మెషీనుకి ఒక గుర్తు పంపుతాను. అది ఎప్పటికప్పుడు చూస్తుంటుంది, ఆ గుర్తు ఇరవై ఆరు గంటలకన్నా పాతదైతే నా ఫోన్‌కి మోగుతుంది. పని చెడితే చెప్పమని అడగను. బాగుందన్న కబురు రాకపోతే మోగమంటాను. కరెంటు పోయినా, క్రాన్ చచ్చినా, నీ టైమరుని ఎవరో ఎనేబుల్ చెయ్యడం మరిచిపోయినా, ఆ గుర్తు రాదు.

మేనకోడలు: ఇది బాగుంది. ఆన్‌ఫెయిల్యూర్ ఈ పని చెయ్యలేదు. మొదలే పెట్టనిది విఫలం కాదు కదా. ఇరవై ఆరే ఎందుకు?

మామయ్య: ఇరవై నాలుగు పెడితే బ్యాకప్ పది నిమిషాలు ఎక్కువ తీసుకున్న ప్రతిరోజూ మోగుతుంది. రెండుసార్లు ఉత్తినే మోగితే మూడోసారి నేనే పట్టించుకోను.

(క్రాన్ వర్సెస్ టైమర్ అని మొదలైన పంచాయితీలో ఇద్దరికీ నికరంగా పనికొచ్చింది ఈ రెంటిలోనూ లేని మూడో వస్తువు. గోదాములో ఆ చిన్న మెషీను ఉందన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. దానిమీద పెట్టిన ఖర్చు నేనెప్పుడూ అడగలేదు కాబట్టి అది స్క్రాపు డబ్బాలోంచి తీసిందే అయ్యుంటుంది.)

మేనకోడలు: ఇప్పుడు మీకో సంగతి. ఈ పాత సర్వర్లో సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ అని కొట్టాను. మీరు ఒక్క టైమరూ పెట్టకపోయినా అందులో బోలెడున్నాయి. ఏప్ట్ అప్‌డేట్లు, లాగ్‌రొటేట్, వారానికోసారి ఎస్ఎస్‌డీ ట్రిమ్, సర్టిఫికెట్లకి సర్ట్‌బాట్. లాగ్‌రొటేట్‌కి క్రాన్‌లోనూ ఫైలుంది, కానీ అది సిస్టమ్‌డీ ఉందని చూడగానే తప్పుకుంటుంది. 2015లో డెబియన్ 8 వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇల్లు మెల్లమెల్లగా మారుతూనే ఉంది.

మామయ్య: నా ఏడుపూ అదే. ఇదివరకు ఒక్క తెర చూస్తే అన్నీ కనిపించేవి. ఇప్పుడు క్రాన్‌టాబ్, క్రాన్‌డాట్‌డీ, టైమర్లు, మూడు చోట్ల వెతకాలి. నువ్వు సగం మార్చి వెళ్లిపోతే సగం అక్కడా సగం ఇక్కడా. మార్చితే అన్నీ మార్చు, లేకపోతే ముట్టుకోకు.

మేనకోడలు: సర్టిఫికెట్లు మాత్రం చేత్తో చేసే రోజులు పోయాయి. ఇదివరకు ఏడాదికోసారి. 2026 మార్చి 15 నుంచి గరిష్ఠంగా 200 రోజులు, 2027 మార్చికి 100, 2029 మార్చికి 47 రోజులే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు గడువు దగ్గరపడుతోందని పంపే మెయిళ్లు కూడా 2025 జూన్ నుంచి మానేశారు.

మామయ్య: సర్ట్‌బాట్ జోలికి నేను వెళ్లను. రోజుకి రెండుసార్లు అదే చూసుకుంటుంది. రంజాన్ సంగతి చెప్పు.

రంజాన్ అనేసరికి నేను ముందుకు జరిగాను. ఆ నెలంతా మా వ్యాపారం తిరగబడుతుంది. పగలు ఆఫీసు రెండు గంటలు తగ్గుతుంది. రాత్రి హోటళ్లు తెల్లవార్లూ నడుస్తాయి, సుహూర్ ముందు రెండింటికీ మూడింటికీ ఆర్డర్లు వస్తాయి. మిగతా పదకొండు నెలలూ సర్వరుకి విశ్రాంతి వేళ అనుకున్నది ఆ నెల మా బిజీ వేళ.

మేనకోడలు: హిజ్రీ నెల టైమరుకి తెలీదు. చంద్రమానం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. తేదీలు ముందే లెక్కగట్టి పెట్టుకోవాలి.

మామయ్య: ఎలా లెక్కగడతావు? నెలవంక కనిపిస్తేనే రంజాన్. అది కనిపించిందీ లేనిదీ ముందురోజు సాయంత్రం కమిటీ చెబుతుంది. నా పద్ధతి వేరే. రెండు క్రాన్‌టాబ్ ఫైళ్లున్నాయి. ఒకటి మామూలుది, ఇంకోటి రంజాన్‌ది. టీవీలో ప్రకటన రాగానే ఒక్క కమాండు కొట్టి మారుస్తాను. ఈద్ ప్రకటన రాగానే మళ్లీ పాతది. ముప్ఫై ఫైళ్లతో ఇంత తేలిగ్గా చెయ్యి, చూద్దాం.

మేనకోడలు: టైమర్లని రెండు టార్గెట్ల కింద గుంపు కట్టొచ్చు... ఒకటి ఆపి ఒకటి లేపితే...

మామయ్య: కట్టొచ్చు. ఎంతసేపు పడుతుంది?

మేనకోడలు: ఒక పూట.

మామయ్య: నాకు ఒక్క లైను.

ఈ విషయంలో అమ్మాయి ఓడిందని నేనంటే ఆమె ఒప్పుకోదు. టార్గెట్ల బొమ్మ ఒకటి కాగితం మీద గీసింది, బాగానే ఉంది. కానీ అకౌంట్స్ కళ్లతో చూస్తే, ఏడాదికి రెండుసార్లు ఒక మనిషి టీవీ చూసి నొక్కే బటనుకి అంత కట్టడం దండగ. చివరికి బేరం ఇలా తెగింది. స్టాకు లెక్కలు, డిస్కుల తనిఖీ, నెలాఖరు జీతాల ఫైలు టైమర్లలోకి. వేళలు రంజాన్‌లో మారే రాత్రి పనులు క్రాన్‌లోనే. అన్నీ ఒకచోటే ఉండాలన్న పట్టు పెద్దాయనే సడలించుకున్నారు, ఒక షరతు మీద: క్రాన్‌టాబ్ పైన కామెంట్లో, ఏ పని ఏ టైమర్లోకి వెళ్లిందో పేరు పేరునా రాసి ఉండాలి. గురువారం బ్యాకప్ 4 తీసి 5 చేశారు, ఎందుకో పైన కామెంట్లో తెలుగులోనే రాశారు. డెబియన్ ఏమీ అనలేదు.

అప్పుడు అమ్మాయి ఇంకో లైను చూపించింది. 15 3 */2 * *. రెండు రోజులకోసారి తెల్లవారుజాము 3:15కి ఏదో ఫోల్డరులోంచి ఏదో ఫోల్డరులోకి ఫైళ్లు మోస్తోంది. కామెంటు లేదు.

మేనకోడలు: రెండు రోజులకోసారి కూడా కాదు ఇది. 31న నడిచి, మర్నాడు ఒకటో తేదీన మళ్లీ నడుస్తుంది. ఎవరడిగారు దీన్ని?

మామయ్య: గుర్తులేదు. కస్టమ్స్ కాగితాల కోసం ఎవరో అడిగినట్టుంది.

మేనకోడలు: కొత్త మెషీన్లో పెట్టకుండా వదిలేద్దాం. కావలసినవాళ్లు అరుస్తారు.

మామయ్య: ఏడాదికోసారి కావలసినవాళ్లు ఏడాది తర్వాత అరుస్తారు. అప్పుడు ఆ ఫైళ్లు ఎక్కణ్ణుంచి తెస్తావు? ఉంచు. మోసిన ప్రతిసారీ ఏమేం మోసిందో లాగులో రాసేట్టు చెయ్యి. అవతలి ఫోల్డరు ఎవరు తెరుస్తున్నారో కూడా చూడు.

మేనకోడలు: టైమర్లో పెట్టనా? లాగు దానంతటదే వస్తుంది.

మామయ్య: క్రాన్‌లోనే ఉంచు. అది ఏం చేస్తోందో తెలిశాక నీ ఇష్టం.